బాడీ ఫ్యాట్ స్కేల్ కొనండి, కానీ అది చూపించే శాతాన్ని టార్గెట్‌గా పెట్టుకోకండి

స్మార్ట్ స్కేల్ అంటే ఇప్పుడు పెద్ద లగ్జరీ ఏమీ కాదు. రెండు వేల లోపే బోలెడు మోడల్స్ ఉన్నాయి. చెప్పులు విప్పి ఎక్కి నిలబడితే చాలు, బ్లూటూత్‌లో మన ఫోన్‌కి పది పదమూడు నంబర్లు వచ్చి పడతాయి. బరువు, బీఎంఐ, బాడీ ఫ్యాట్, మజిల్ మాస్, బోన్ మాస్, వాటర్, విసరల్ ఫ్యాట్, ఆఖరికి "బాడీ ఏజ్" కూడా. పచ్చ రంగు వస్తే హ్యాపీ, ఎరుపు వస్తే ఆ రోజంతా మూడ్ ఆఫ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ పదమూడింట్లో స్కేల్ నిజంగా కొలిచేవి రెండే రెండు. ఒకటి బరువు. రెండోది మీ ఒంట్లోంచి వెళ్లిన కరెంటుకి ఎదురైన అడ్డంకి. మిగతావన్నీ ఈ రెండింటి నుంచి, మీరు యాప్‌లో కొట్టిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాల నుంచి కట్టిన లెక్కలు. లెక్క కట్టడం తప్పు కాదు. కానీ ఆ లెక్క ఎవరి ఒంటిని చూసి తయారు చేశారు, ఎంత అటూ ఇటూ అవుతుంది అన్నది బాక్స్ మీద ఎక్కడా ఉండదు. అది తెలియకుండా "నేను మూడు నెలల్లో 24 నుంచి 15కి రావాలి" అని టార్గెట్ పెట్టుకోవడమే ఇక్కడ అసలు సమస్య.

స్కేల్ లోపల ఏం జరుగుతోంది?

ఈ టెక్నాలజీ పేరు బయోఎలక్ట్రికల్ ఇంపెడెన్స్ అనాలిసిస్. షార్ట్‌గా బీఐఏ అంటారు. స్కేల్ మీద మెరిసే మెటల్ ప్లేట్లు ఎలక్ట్రోడ్లు. ఒక పాదంలోంచి మనకి తెలియనంత చిన్న ఏసీ కరెంటు పంపిస్తాయి. సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర. కండరాల్లో నీళ్లు, లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు సులువుగా వెళ్తుంది. కొవ్వులో నీళ్లు తక్కువ కాబట్టి అడ్డం పడుతుంది. ఆ అడ్డంకిని ఓమ్స్‌లో కొలుస్తారు. దాన్నిబట్టి ఒంట్లో నీరెంత, నీటిని బట్టి కండ ఎంత, బరువులోంచి కండ తీసేస్తే మిగిలిన కొవ్వెంత అని లెక్క వేస్తారు. అంటే కొవ్వుని ఎవరూ నేరుగా కొలవట్లేదు. నీటిని అంచనా వేసి, మిగిలింది కొవ్వు అంటున్నారు.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది చాలా ఈజీగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. వరదల టైంలో మనందరం ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో చూస్తూ ఉంటాం కదా. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అక్కడ కంటికి కనిపించేది అడుగులు. టీవీలో చెప్పే "10 లక్షల క్యూసెక్కులు" అన్నది ఆ అడుగుల నుంచి, ఆ బ్యారేజీ కోసం తయారు చేసిన పట్టికని బట్టి కట్టిన లెక్క. అదే పట్టికని తీసుకెళ్లి ఇంకో నది మీద వాడితే వచ్చే క్యూసెక్కులకి అర్థం ఉండదు.

స్మార్ట్ స్కేల్ కూడా అంతే. ఓమ్స్ అనేవి అడుగుల్లాంటివి, ఫ్యాట్ శాతం క్యూసెక్కుల్లాంటిది. మధ్యలో ఉన్న పట్టికే కంపెనీ ఈక్వేషన్. అది ఎవరి ఒంటి మీద పరీక్షించి తయారు చేశారో చాలా కంపెనీలు బయటపెట్టవు. మన కాళ్ల పొడవు, నడుము కట్టు, కండ, కొవ్వు వేరేవాళ్లలాగే ఉంటాయని అనుకుని వేసిన లెక్క మనకి కరెక్ట్‌గా సరిపోవాలని రూలేం లేదు.

ఇంకో మాట. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "భద్రాచలంలో నాలుగింతల వరద" అని ఎవరైనా అంటారా? అనరు. గేజ్ వేరు, సున్నా ఎక్కడ పెట్టారో వేరు. కానీ "నా స్కేల్‌లో 24, జిమ్ మెషీన్‌లో మావాడికి 19" అని మాత్రం రోజూ పోల్చుకుంటాం. ఇదీ అదే తప్పు. ఒకే గేజ్ మీద నిన్నటి కంటే ఈరోజు పెరిగిందా, తగ్గిందా అన్నదే పనికొచ్చే వార్త.

కరెంటు పొట్ట దాకా రాదు

కాళ్లతో మాత్రమే నిలబడే స్కేల్స్‌లో కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి, నడుము కింది భాగం దాటి, ఇంకో కాలి నుంచి దిగిపోతుంది. కరెంటుకి దగ్గరి దారి అదే. పొట్ట, ఛాతీ, చేతులు దాదాపు దాని దారిలోనే లేవు. అయినా సరే యాప్‌లో "విసరల్ ఫ్యాట్: 8" అని వచ్చేస్తుంది. యూనిట్ కూడా ఉండదు. విసరల్ ఫ్యాట్ అంటే పొట్ట లోపల లివర్, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు. కరెంటు వెళ్లని చోటి సంగతి మీ వయసు, బరువు, ఎత్తుని బట్టి ఊహించి చెప్తోందన్నమాట.

వాచ్‌ల సంగతేంటి అంటారా? శాంసంగ్ 2021లో గెలాక్సీ వాచ్ 4తో ఈ ఫీచర్ తెచ్చింది. రెండు వేళ్లు బటన్ల మీద పెడితే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తుంది. అక్కడ కాళ్లు మిస్ అవుతాయి. జిమ్‌లలో చేతులతో హ్యాండిల్ పట్టుకునే 8 ఎలక్ట్రోడ్ల మెషీన్లు వీటికంటే నయం. చేతులు, కాళ్లు, మొండెం విడివిడిగా చూస్తాయి. రీసెర్చ్‌లో పోలికకి ఎక్కువగా వాడేది డెక్సా స్కాన్. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ వేరు చేస్తుంది. దానికీ కొంత తేడా ఉంటుంది, కానీ చాలా తక్కువ.

"బీఎంఐ నార్మల్ కదా, నాకేంటి?" అనకండి

ఇంతవరకు చదివి "అయితే ఈ బాడీ ఫ్యాట్ గోలే అనవసరం, బరువు చూసుకుంటే చాలు" అనుకుంటున్నారా? అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. మన ఇండియన్స్‌కి బాడీ ఫ్యాట్ విషయం మిగతావాళ్లకంటే ఎక్కువ ముఖ్యం.

2004లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక ఫోటో, చిన్న నోట్ వచ్చాయి. అందులో ఇద్దరు డాక్టర్లు, పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. బీఎంఐ చార్ట్‌లో ఇద్దరూ పచ్చ రంగే. కానీ బాడీ ఫ్యాట్ చూస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. దీన్నే వై-వై పారడాక్స్ అంటారు. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువ ఉండే ఈ ఒంటి తీరుకి "థిన్-ఫ్యాట్" అని పేరు. అందుకే మన దేశంలో డాక్టర్లు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దాటితేనే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కేస్తున్నారు. చాలా స్మార్ట్ స్కేల్ యాప్‌లలో మాత్రం 24.9 దాకా పచ్చగానే ఉంటుంది!

ఇదంతా ఎక్కడో పుణె, లండన్ గొడవ అనుకోవద్దండి. 2003-04 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఎందుకు చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్లి నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అనే ప్రాజెక్ట్ అది. పల్లెటూళ్లలో అంటురోగాలే ఎక్కువ చంపుతాయి అనుకుంటాం కదా. వాళ్ల లెక్కలో గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో ఉన్నాయి, దాదాపు మూడింట ఒక వంతు మరణాలు వాటివల్లే. అదే ప్రాజెక్ట్ 20 పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకి పరీక్ష చేస్తే 13 శాతం మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. 2006లో అచ్చైన లెక్కలివి. స్మార్ట్‌ఫోన్, ఫుడ్ డెలివరీ యాప్ మన ఊళ్లకి రాకముందు సంగతి, పొలం పనులున్న పల్లెల సంగతి. ఇప్పుడు రాజమండ్రిలోనో కాకినాడలోనో కూర్చుని రోజుకి పది గంటలు లాప్‌టాప్ ముందు ఉండే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

కాబట్టి విషయం చాలా సీరియస్. అందుకే దాన్ని కొలిచే సాధనం మీద మనం ఇంత గట్టిగా ప్రశ్నలు అడగాలి. మనకి డేంజర్ ఉన్నది పొట్టలో. మన చేతిలో ఉన్న చవక స్కేల్ చూసేది కాళ్లు.

స్కేల్‌ని మీరే టెస్ట్ చేయండి

నా చేతికి ఏ బాడీ ఫ్యాట్ స్కేల్ వచ్చినా ముందు ఈ మూడు పనులు చేస్తాను. మీరూ చేసి చూడండి, ఇంట్లో ఐదు నిమిషాల పని.

1. యాప్‌లో మీ ఎత్తుని 10 సెంటీమీటర్లు ఎక్కువ పెట్టి మళ్లీ ఎక్కండి. మీ ఒళ్లు మారలేదు, శాతం మారిపోతుంది. తర్వాత వయసు మార్చండి, "అథ్లెట్ మోడ్" ఆన్ చేయండి. వచ్చే నంబర్‌లో మీ ఒంటి వాటా ఎంత, మీరు కొట్టిన వివరాల వాటా ఎంత అన్నది అక్కడే తెలిసిపోతుంది.

2. ఒకసారి కొలిచి, లీటరు నీళ్లు తాగి వెంటనే ఎక్కండి. బరువు కేజీ పెరుగుతుంది, కానీ పొట్టలో ఉన్న నీళ్లు ఇంకా కండల్లోకి చేరలేదు కాబట్టి కరెంటు అడ్డంకి పెద్దగా మారదు. దాంతో స్కేల్ ఆ నీళ్లలో ఎక్కువ భాగాన్ని కొవ్వు ఖాతాలో వేసేస్తుంది.

3. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఆట ఆడి ఒళ్లు వేడెక్కాక ఒకసారి ఎక్కండి. ఒళ్లు వేడిగా ఉంటే అడ్డంకి తగ్గుతుంది, ఫ్యాట్ తగ్గినట్టు కనిపిస్తుంది. దీనికి రివర్స్ కూడా ఉంది. మే నెల రాత్రి కరెంటు పోయి, తెల్లార్లూ చెమటలు కారాక పొద్దున్నే ఎక్కితే ఒంట్లో నీళ్లు తగ్గి ఫ్యాట్ పెరిగినట్టు చూపిస్తుంది.

ఒక్క రోజులో ఎవరికీ కొవ్వు రెండు శాతం పెరగదు, తగ్గదు. మారింది నీళ్లే. లోపల పేస్‌మేకర్ లాంటి పరికరం ఉన్నవాళ్లు మాత్రం బీఐఏ స్కేల్ అసలు ఎక్కొద్దు. గర్భిణులు కూడా వాడొద్దని మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది.

టార్గెట్ లెక్కలో ఈ తేడా ఎంత దెబ్బ కొడుతుందంటే

75 కేజీల కుర్రాడికి స్కేల్ 26 శాతం చూపించింది అనుకుందాం. అంటే కొవ్వు 19.5 కేజీలు, మిగతా 55.5. కండ పోకుండా 20 శాతానికి రావాలంటే బరువు 69.4 కేజీలకి రావాలి. అంటే ఐదున్నర కేజీల పైచిలుకు కొవ్వు తగ్గాలి. లెక్క నీట్‌గా ఉంది.

ఇప్పుడు స్కేల్‌లో నాలుగు శాతం తేడా ఉంది అనుకోండి. ఇలాంటి చవక స్కేల్స్‌లో ఒక్కో మనిషికి ఆ మాత్రం తేడా రావడం వింతేమీ కాదు. అసలు శాతం 30 అయితే అతని టార్గెట్ 65.6 కేజీలు. అసలు శాతం 22 అయితే 73.1 కేజీలు. ఒకే మనిషి, ఒకే స్కేల్, టార్గెట్‌లో ఏడున్నర కేజీల గ్యాప్! రెండు కేజీలు తగ్గితే సరిపోయేవాడు తిండి మానేసి ఐదున్నర కేజీల కోసం కొట్టుకుంటాడు. తొమ్మిది తగ్గాల్సినవాడు ఐదున్నరకే పార్టీ చేసుకుంటాడు.

తిండి మానేస్తే ఇంకో నష్టం. అదే 5.6 కేజీల్లో సగం కండ పోయిందనుకోండి, బరువు 69.4కి వచ్చినా ఫ్యాట్ 24 శాతం దగ్గరే ఆగిపోతుంది. సన్నబడతారు, కానీ థిన్-ఫ్యాట్ అవుతారు. అంటే ఏ గోతిని తప్పించుకోవాలనుకున్నామో మళ్లీ అందులోనే పడతాం.

అమ్మాయిలకి ఇంకో మాట. ఆడవాళ్ల ఒంటికి సహజంగానే ఎక్కువ కొవ్వు కావాలి. బతకడానికి తప్పనిసరి కొవ్వే మగవాళ్లకి 2 నుంచి 5 శాతం అయితే ఆడవాళ్లకి 10 నుంచి 13 శాతం అని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ చార్ట్ చెప్తుంది. అదే చార్ట్‌లో ఆడవాళ్లకి 25 నుంచి 31 మామూలు రేంజ్. నెలలో కొన్ని రోజులు ఒంట్లో నీరు నిలిచి నంబర్ అటూ ఇటూ అవుతుంది కూడా. కాబట్టి అన్నయ్యకి 18 వచ్చింది, నాకు 28 వచ్చింది అని హాస్టల్లో టిఫిన్ మానేయకండి.

మరి ఏం టార్గెట్ పెట్టుకోవాలి?

నా సలహా మూడే మూడు.

మొదటిది నడుము చుట్టుకొలత. టైలర్ టేపు చాలు. ఛార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్లు రావు. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. మన దేశంలో డాక్టర్లు పెట్టిన హద్దు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. ఇంకా సులువైన రూల్, నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. మీ ఎత్తంత దారం తీసుకుని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. కొనలు కలిస్తే ఓకే. ప్యాంటు సైజుని మాత్రం నమ్మకండి. పొట్ట కిందకి బెల్టు దించి కట్టుకుని "ఐదేళ్లుగా నాది 34 సైజే" అనేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు!

ఆ మాటకొస్తే మనవాళ్లకి పుట్టిన దగ్గర్నుంచి ఒక వేరబుల్ ఉంది, మొలతాడు. టేపు పెట్టే చోటు కంటే కిందకి ఉంటుంది కాబట్టి అది కొలత కాదు. కానీ ఏడాది కింద వదులుగా ఉన్నది ఇప్పుడు కోసుకుపోతోందంటే అంతకంటే క్లియర్ నోటిఫికేషన్ ఏ యాప్ ఇస్తుంది?

రెండోది బలం. ఇప్పుడు ఎన్ని పుషప్‌లు తీయగలరో రాసుకోండి, నెల తర్వాత మళ్లీ చూడండి. కండ ఉందో పోయిందో స్కేల్‌లోని "మజిల్ మాస్" కంటే ఇది నిజాయితీగా చెప్తుంది. డబ్ల్యూహెచ్ఓ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని. సాయంత్రం గోదావరి గట్టు మీద నడకతో మొదటిది అయిపోతుంది. రెండోది మాత్రం మనలో చాలామంది వదిలేస్తాం. ప్రోటీన్ సంగతీ చూసుకోండి. ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి బరువులో కేజీకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, అంటే 70 కేజీల మనిషికి 58 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. భీమవరం చుట్టూ చేపల చెరువులే, మన జిల్లాల్లో ఎక్కడ చూసినా కోళ్ల ఫారాలే. అయినా మన కంచంలో అన్నం కొండంత, కూర ఆవగింజంత!

మూడోది స్కేల్ ట్రెండ్. శాతం కాదండి, శాతం ఎటు వెళ్తోందన్నది. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, పాదాలు తుడుచుకుని, గట్టి నేల మీద స్కేల్ పెట్టి ఎక్కండి. వారం సగటు రాసుకోండి. ఈ నెల సగటుని పోయిన నెల సగటుతో పోల్చండి. డైట్ మొదలెట్టిన మొదటి వారం పోయేది ఎక్కువగా నీరే, అది చూసి పొంగిపోకండి. సంక్రాంతికి పూతరేకులు, కాజాలు తిన్న మర్నాడు పెరిగింది చూసి కంగారు పడకండి. నడుము తగ్గుతూ, పుషప్‌లు పెరుగుతూ, ట్రెండ్ కిందకి వస్తోందంటే శాతం 22 అన్నా 26 అన్నా మీరు కరెక్ట్ రూట్‌లోనే ఉన్నారు. నడుము హద్దు దాటి ఉంటే మాత్రం, లేదా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, ఇంకో గాడ్జెట్ కొనేముందు ఆ డబ్బుతో బ్లడ్ షుగర్ టెస్ట్ చేయించుకోండి.

కంపెనీలు చేయాల్సింది

ఫోన్ బ్యాటరీ ఐదు వేల ఎంఏహెచ్ అని రాసి నాలుగు వేలే ఇస్తే మనం ఊరుకుంటామా? మరి ఒంటి సంగతి చెప్పే గాడ్జెట్‌కి ఎందుకు ఊరుకోవాలి? నా డిమాండ్లు ఇవి. యాప్‌లో అసలు ఓమ్స్ నంబర్ చూపించాలి. "24.3 శాతం" అని దశాంశంతో గొప్పగా చూపించే బదులు "20 నుంచి 28 మధ్య" అని నిజం చెప్పాలి. ఈక్వేషన్ ఎవరి మీద పరీక్షించారో రాయాలి. ఇండియాలో అమ్మేటప్పుడు బీఎంఐ పచ్చ రంగుని 23 దగ్గర ఆపాలి. నడుము కొలత ఎంటర్ చేసే ఆప్షన్ ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైన్ పని అది. రివ్యూలు చేసేవాళ్లు కూడా "13 బాడీ మెట్రిక్స్" అని స్పెక్ షీట్ చదివి వదిలేయకుండా పైన చెప్పిన మూడు టెస్టులు చేసి చూపించాలి.

ఫైనల్‌గా, కొనాలా వద్దా? బరువు కరెక్ట్‌గా చూపించి, రోజూ ఆటోమేటిక్‌గా రికార్డ్ చేసే మెషీన్ కావాలంటే చవకది కొనండి, పైసా వసూల్. "ఎక్కువ మెట్రిక్స్" కోసం అదనంగా వెయ్యి పెట్టకండి. ఆ వెయ్యిలో ముప్పై పెట్టి టేపు కొనుక్కుంటే మీ పొట్ట సంగతి ఆ స్కేల్ కంటే టేపే బాగా చెప్తుంది.